పూల్, పోకర్ కామెంటరీ: గుసగుస నుంచి కబుర్ల దాకా

పూల్ (కర్రతో బంతులను బల్ల జేబుల్లోకి కొట్టే ఆట), పోకర్ (పందెం కాసే పేకాట) టీవీలో చూసేవాళ్ల ఫిర్యాదు ఏళ్లుగా ఒకటే. కళ్లకు కనబడుతున్నదాన్నే కామెంటేటర్ మళ్లీ చెబుతాడు, ఆటగాడు ఎందుకలా ఆడాడో మాత్రం చెప్పడు. ఈ ఆటలు టీవీలోకి వచ్చిన తీరు చూస్తే కారణం అర్థమవుతుంది.

బ్రిటన్‌లో పూల్‌కు దగ్గరి ఆటైన స్నూకర్‌కు తొలి పేరున్న గొంతు టెడ్ లో అనే వ్యాఖ్యాతది. లండన్ లెస్టర్ స్క్వేర్ హాల్‌లో ఆయనకు విడిగా గది ఉండేది కాదు. ప్రేక్షకుల మధ్యే కూర్చుని, ఆటగాళ్ల చెవిన పడకుండా గుసగుసగా చెప్పేవాడు. 1969లో బీబీసీ 2, కలర్ టీవీ అందం చూపించడానికి ‘పాట్ బ్లాక్’ అనే స్నూకర్ కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికింకా చాలా ఇళ్లలో బ్లాక్ అండ్ వైట్ సెట్లే. ఏ బంతి ఎక్కడుందో చెప్పేవాడు లేకపోతే వాళ్లకు ఆటే లేదు. అలా అవసరమైనంతే మాట్లాడటం అక్కడ పద్ధతిగా స్థిరపడింది. 1985 ప్రపంచ స్నూకర్ ఫైనల్ ఆఖరి నల్లబంతి దాకా వెళ్లినప్పుడు అర్ధరాత్రి దాటినా కోటీ 85 లక్షల మంది చూస్తున్నారు. ఆటగాడు స్టీవ్ డేవిస్ ఆ బంతి తప్పగానే టెడ్ లో నోట వచ్చింది ‘నో!’ అన్న ఒక్క మాట. దానికి మించి ఏం చెప్పినా ఎక్కువే అయ్యేది.

అమెరికాలో పూల్ దారి వేరు. 1978లో న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో పూల్ ఆటగాళ్లు విల్లీ మోస్కోనీ, మిన్నెసోటా ఫ్యాట్స్ తలపడితే, ఏబీసీ టీవీ మైకు ఇచ్చింది బాక్సింగ్ వ్యాఖ్యానంతో పేరు మోగిపోయిన హోవర్డ్ కొసెల్‌కు. ఆట లోతు తెలిసిన మనిషికన్నా జనానికి తెలిసిన గొంతే ముఖ్యమనుకున్నారు. పూల్‌కు జరిగిన నష్టం ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం.

దాన్ని సరిదిద్దింది ఆటగాళ్లే. ప్యాట్ ఫ్లెమింగ్ తన అక్యూ-స్టాట్స్ సంస్థ వీడియోల్లో ఆటగాళ్లనే మైకు ముందు కూర్చోబెట్టాడు. పూల్‌లో ఒక రకమైన నైన్ బాల్‌లో ఎప్పుడూ చిన్న నంబరు బంతినే ముందు తాకాలి. కాబట్టి ఎదురుగా ఉన్న 6 జేబులో పడుతుందా అన్నది పెద్ద ప్రశ్న కాదు. తర్వాత 7 కోసం తెల్లబంతి ఏ పక్కన ఆగాలి, అక్కడ ఆగితే 8కి దారి ఉంటుందా అన్నదే అసలు లెక్క. ఆ లెక్క షాట్‌కు ముందు చెబితేనే చూసేవాడికి పనికొస్తుంది. బంతి పడ్డాక ‘అద్భుతం’ అనడానికి కామెంటేటర్ అక్కర్లేదు.

పోకర్ కథ తిరగబడి నడిచింది. ప్రపంచ పోటీలు 1970 నుంచే లాస్‌వెగాస్‌లో ఉన్నా, చేతిలోని ముక్కలు కనబడవు కాబట్టి టీవీలో రక్తి కట్టలేదు. బొమ్మల తయారీదారు హెన్రీ ఓరెన్‌స్టీన్ ముక్కలు చూపించే కెమెరాకు పేటెంట్ తీసుకున్నాడు. 1999లో బ్రిటన్ ఛానల్ 4 ‘లేట్ నైట్ పోకర్’ కార్యక్రమం బల్లలో గాజు పలక పెట్టి, కింది నుంచి కెమెరాతో ముక్కలు బయటపెట్టింది. ఆటకు ప్రాణం వచ్చింది. కామెంటేటర్‌కు మాత్రం ఊహించాల్సిన పని తప్పిపోయింది.

2003 ప్రపంచ పోకర్ ఫైనల్లో ఒక చెయ్యి (ఒక విడత ఆట) చూడండి. క్రిస్ మనీమేకర్ దగ్గర ఇస్పేటు రాజు, ఆటీను ఏడు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచిన ముక్కల్లో మూడు ఇస్పేట్లు. ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) తగల్లేదు, వరసా కుదరలేదు, అయినా చిప్స్ అన్నీ ముందుకు తోశాడు. ఎదుటి ఆటగాడు శామ్ ఫర్హా దగ్గర తొమ్మిదుల జత ఉంది, గెలుస్తున్నాడు కూడా. ‘ఫ్లష్ తగల్లేదు కదూ’ అని పైకే అన్నాడు, అయినా ముక్కలు పడేశాడు. కామెంటేటర్ నార్మన్ చాడ్ మనీమేకర్ పందేన్ని ఈ శతాబ్దపు బ్లఫ్ (ముక్కలు లేకున్నా ఉన్నట్టు బెదిరించడం) అన్నాడు. జనం నోట నిలిచింది ఆ మాటే. ఫర్హా కుర్చీలో కూర్చుంటే ఏం కనబడుతుంది? మూడు ఇస్పేట్లు, అడ్డూ అదుపూ లేని పందెం, ఓడితే టైటిలే చేజారే ప్రమాదం. అంత ఇరుకులో తీసుకున్న నిర్ణయం, రెండు చేతులూ చూస్తున్న మనకు పిరికితనంలా కనబడింది. పైగా అప్పటి ప్రసారాలు ఎడిటింగ్ అయ్యాక వ్యాఖ్యానం జోడించినవి. ఫలితం ముందే తెలిసినవాడికి జోకులు తట్టినంత సులువుగా సందేహాలు తట్టవు.

2011లో ఆ ప్రపంచ పోటీల ఫైనల్ టేబుల్‌ను (చివరి బల్ల ఆటను) 15 నిమిషాల ఆలస్యంతో దాదాపు ప్రత్యక్షంగా చూపించి, ఆంటోనియో ఎస్ఫాండియారీ లాంటి ఆటగాళ్లను మైకు దగ్గర కూర్చోబెట్టారు. ముగింపు తెలియదు కాబట్టి ఆలోచన పైకి చెప్పక తప్పలేదు. ఇప్పుడు తెరమీద గెలుపు శాతాలు పరుగెడుతుంటే, వాటిని చదివి వినిపించే కామెంటరీయే మళ్లీ ఎక్కువైంది. ప్రేక్షకుడికి ముక్కలు చూపించండి, కామెంటేటర్ ముందున్న మానిటర్‌లో మాత్రం చెయ్యి ముగిసేదాకా మూసి ఉంచండి.