ఓవల్ ఆఫీసు బంగారం, రొకోకోకు తిట్లు

అమెరికా అధ్యక్షుడి ఓవల్ ఆఫీసులో 2025లో గోడలకీ, చలిమంట పొయ్యికీ బంగారు రంగు లతలు అతికించినప్పటి నుంచి ‘రొకోకో’ (వంపులు తిరిగే తీగలు, బంగారు మెరుపు ఉన్న పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి అలంకరణ శైలి) మాట మళ్లీ వార్తల్లో నలుగుతోంది. విమర్శకులు దాన్ని తిట్టుగానే వాడుతున్నారు. ఆ తిట్టు పుట్టింది పారిస్‌లోనే.

1749లో ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ ప్రియురాలు మదామ్ ద పాంపదూర్ తన తమ్ముణ్ణి ఇటలీ పంపింది. రాజభవనాల శాఖ అతని చేతికి రావాల్సి ఉంది, ఈలోగా ప్రాచీన రోమన్ కట్టడాలు చూసి అభిరుచి దిద్దుకోవాలని ఆలోచన. (ఆవిడకి ఇష్టమైన చిత్రకారుడు మాత్రం రొకోకోకే పేరుపడ్డ బూషే!) తమ్ముడి వెంట వెళ్లినవాళ్లలో ఆర్కిటెక్ట్ సుఫ్లో, ఎన్‌గ్రేవర్ (రేకుల మీద బొమ్మలు చెక్కి అచ్చు తీసేవాడు) కొషాన్ ఉన్నారు. 1751లో శాఖ తమ్ముడిదైంది.

1754 డిసెంబరులో కొషాన్ ఒక పత్రికలో రొకోకో పోకడలు మానమంటూ కంసాలులకూ చెక్కపని వాళ్లకూ ‘విన్నపం’ రాశాడు. కొవ్వొత్తి స్తంభాన్ని వంకర తిప్పకండి, పాత్ర మూత మీద అసలు సైజు ఆర్టిచోక్ (ఒక కూరగాయ) పెట్టి పక్కనే వేలెడంత కుందేలును కూర్చోబెట్టకండి అని వెటకారం. రెండు నెలలకి రొకోకో పక్షం పేరుతో జవాబు అచ్చయింది. అదీ కొషాన్ రాసిందే! రొకోకోకు పెద్దదిక్కైన డిజైనర్ మెస్సోనియే 1750లోనే పోయాడు. 1755లో కొషాన్ చిత్ర, శిల్ప కళల రాయల్ అకాడమీ కార్యదర్శి అయ్యాడు. తన జ్ఞాపకాల్లో, ఫ్రాన్స్ అభిరుచి మారింది ఆ ఇటలీ ప్రయాణంతోనే అని రాసుకున్నాడు. తర్వాతి తరాలకు ఎక్కువగా వినిపించింది ఈ గెలిచినవాళ్ల గొంతే.

నిజానికి రొకోకో దర్బారు ఆర్భాటం కోసం పుట్టలేదు. 1715లో పద్నాలుగో లూయీ పోయాక ప్రభువర్గం రాజభవనం ఉన్న వెర్సాయ్ వదిలి పారిస్ చేరింది. వాళ్లకి కావాల్సింది కబుర్లు చెప్పుకునే చిన్న గదులు. 1730లలో ఆర్కిటెక్ట్ బొఫ్రాన్ అలంకరించిన పారిస్ సుబీజ్ భవనంలో రాణివాసపు సలోన్ (అతిథుల గది) చూడండి, అదీ అండాకారపు గదే. తెల్లటి చెక్క పలకల మీద చెక్కిన బంగారు తీగ పైకి పాకుతూ చిత్రకారుడు నత్వార్ బొమ్మల చుట్టూ తిరిగి కప్పులో కలిసిపోతుంది. గోడ ఎక్కడ ఆగిందో చెప్పలేం.

వైట్‌హౌస్ మూల నమూనా 1792 నాటిది, కొషాన్ వర్గం మెచ్చే క్లాసికల్ (ప్రాచీన గ్రీకు, రోమన్ కట్టడాల) పద్ధతిది. ఓవల్ ఆఫీసులో గోడ గోడగానే ఉంది, మెరుపు పైన అతికించింది. దానికి బొఫ్రాన్‌ని బాధ్యుణ్ణి చేయడం అన్యాయం.