మార్కులు వేసింది ఎవరు? ప్రాథమిక బడి పరీక్షల వెనక కథ

మూడో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవగలరా? 2022లో పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే వాళ్లు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి పది మంది, తెలంగాణలో ఐదుగురు చదవగలిగారు. కోవిడ్‌లో బళ్లు మూతపడ్డాయి కాబట్టి పడిపోయారనుకోవచ్చు. అయితే 2018లో కూడా ఈ లెక్క ఆంధ్రలో 22.6 శాతం, తెలంగాణలో 18.1 శాతమే. అంటే బళ్లు చక్కగా నడుస్తున్న రోజుల్లోనే ఐదుగురిలో దాదాపు ఒక్కరే చదవగలిగారు. ఈ సంగతి ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ కనబడదు. ఎందుకు కనబడదో తెలియాలంటే పరీక్షల చరిత్రలోకి కాస్త వెనక్కి వెళ్లాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏటా పిల్లల్ని ఫెయిల్ చేసే పద్ధతి 1970ల తొలినాళ్లలోనే పోయింది. ఏడులోనూ పదిలోనూ మాత్రం గండం ఉండేది. ఏడో తరగతి కామన్ పరీక్ష అంటే ఒక తరం మొత్తానికి ఇప్పటికీ గుర్తే: వేరే ఊళ్లో సెంటరు, హాల్ టికెట్టు, ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ పరీక్ష మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, అందులో ఒక విశేషం ఉంది. పాఠం చెప్పిన టీచరు చేతిలో ఆ పేపరు ఉండదు.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఎవరినీ ఆపకూడదని 16వ సెక్షన్, అప్పటివరకు బోర్డు పరీక్ష పెట్టకూడదని 30వ సెక్షన్ చెప్పాయి. ఆ పరీక్షల స్థానంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో అది ఎఫ్ఏలు (పాఠాల మధ్యలో చేసే మదింపులు), ఎస్ఏలు (టర్ము చివరి పరీక్షలు)గా మారింది. ఎఫ్ఏ అంటే ప్రాజెక్టు పని, రాతపని, పిల్లల ప్రతిస్పందనలు, ఆఖర్న స్లిప్ టెస్ట్. ఆలోచన మంచిదే. ఆచరణకు వచ్చేసరికి ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసే బడిలో అది రికార్డులు నింపే పనిగా మిగిలింది. పాఠం చెప్పేదీ పేపరు దిద్దేదీ మార్కులు ఎక్కించేదీ ఒకరే. తర్వాత ఆ మార్కుల్ని అడిగేది ఆయన పై అధికారి. ఇందులో టీచర్లను తప్పుపట్టడం తేలిక, కానీ తక్కువ మార్కులు పంపితే సంజాయిషీ అడిగే వ్యవస్థలో నిజం రాయమనడం అంత న్యాయం కాదు.

బడి బయట నిలబడి కొలిచే పని 2005లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ‘అసర్’ పేరుతో మొదలుపెట్టింది. దాని పరీక్ష చాలా చిన్నది. పిల్లవాడి పక్కన కూర్చుని అక్షరాలు, పదాలు, చిన్న పేరా, ఆఖర్న రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. లెక్కల్లో అంకెలు గుర్తించడం, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. బడిలో కాకుండా ఇంటికి వెళ్లి అడుగుతారు కాబట్టి ఆ రోజు బడి ఎగ్గొట్టిన పిల్లలూ లెక్కలోకి వస్తారు. కేంద్ర విద్యా సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ చేసిన జాతీయ సాధన సర్వే ‘నాస్’ దీనికి పూర్తిగా భిన్నం. 2017 నవంబరు 13న దేశమంతా ఒకేరోజు మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో సుమారు 22 లక్షల మందికి బడిలోనే బహుళైచ్ఛిక ప్రశ్నలతో పరీక్ష పెట్టారు. దానిలో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో నిలిచింది. ఆ మరుసటి ఏడాది అసర్ చెప్పింది పైన చూశాం. రెండూ కొలిచేది ఒకే సరుకును కాదు, నిజమే. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులు డగ్ జాన్సన్, ఆండ్రెస్ పరాడో నాస్ రాష్ట్ర సగటులు వాస్తవం కంటే బాగా ఎక్కువగా ఉన్నాయని 2021లో రాశారు.

ఇదంతా చర్చ కాకముందే మన పల్లె బళ్లలో ఒక పెద్ద ప్రయోగం జరిగిందని చాలామందికి తెలియదు. 2005 నుంచి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుతో కలిసి వందల ప్రాథమిక బళ్లను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీశారు. ఒక గుంపులో, తరగతి సగటు మార్కు అయిదు శాతం దాటి పెరిగాక ప్రతి శాతానికీ టీచరుకు 500 రూపాయల బోనస్. రెండేళ్లకు ఆ బళ్ల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ ముందున్నారు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. టీచర్ల హాజరు మాత్రం పెరగలేదు! వచ్చిన రోజుల్లో ఎక్కువ చెప్పారంతే: అదనపు క్లాసులు, ప్రాక్టీసు పేపర్లు, వెనకబడిన పిల్లల మీద దృష్టి.

ఇక్కడ గమనించాల్సింది ప్రశ్నపత్రాలు బయట తయారయ్యాయి, పరీక్ష పెట్టిందీ బయటివాళ్లే. డబ్బు ముడిపడి ఉన్నా లెక్క నిలబడింది అందుకే.

అదే పరిశోధకులు మరో వంద బళ్లలో డబ్బు ఇవ్వలేదు. పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసిన నివేదికలు టీచర్లకు ఇచ్చి, అప్పుడప్పుడు వెళ్లి తరగతి చూసి వచ్చారు. చూడడానికి వెళ్లినప్పుడు టీచర్లు బాగా చెబుతూ కనిపించారు. పిల్లల మార్కులు కదల్లేదు. ఏటా కొత్త డ్యాష్‌బోర్డు తెచ్చి సమస్య తీరిందనుకునే అధికారులు చదవాల్సిన ఫలితం ఇదే అని నా అభిప్రాయం.

బోనస్ లేకపోతే మార్కులు పెంచి రాయాల్సిన అవసరం ఏముందని అడగొచ్చు. ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వం బళ్లలో పెట్టే ‘ప్రతిభా పర్వ్’ పరీక్షను తనిఖీ చేశారు. అందులో తగ్గినందుకు టీచరుకు శిక్షేమీ లేదు. అయినా అదే పిల్లలకు వేరేవాళ్లు మళ్లీ పరీక్ష పెడితే అధికారిక మార్కులు చాలా ఉబ్బి ఉన్నాయని తేలింది, ముఖ్యంగా బాగా వెనకబడిన పిల్లల విషయంలో. తర్వాత ఆయన ఆంధ్రప్రదేశ్‌లో రెండు వేలకు పైగా బళ్లలో కాగితం మీద పరీక్షనూ ట్యాబ్ మీద పరీక్షనూ పోల్చారు. ట్యాబ్‌తో, బయటి పర్యవేక్షణతో ఆ ఉబ్బు బాగా తగ్గింది.

పదిహేనేళ్ల పిల్లల్ని దేశాల వారీగా పోల్చే అంతర్జాతీయ పరీక్ష ‘పీసా’లో మనం కొలిపించుకున్నది ఒక్కసారే. తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ విద్యార్థులు 2009 విడతలో పాల్గొంటే 74 చోట్లలో 72, 73 స్థానాలు వచ్చాయి. ప్రశ్నలు మన సందర్భానికి సరిపోవని కేంద్రం పక్కకు తప్పుకుంది. 2021 విడతకు చేరతామన్నారు, చేరలేదు.

ఈలోగా చట్టం మళ్లీ మారింది. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో ఏడాది చివర పరీక్ష పెట్టడానికి, తప్పితే రెండు నెలల్లో మరో అవకాశం ఇచ్చి, అప్పటికీ కాకపోతే అదే తరగతిలో ఆపడానికి దారి తెరిచింది. ఆపాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. 2024 డిసెంబరులో కేంద్రం తన పరిధిలోని కేంద్రీయ, నవోదయ విద్యాలయాలు వంటి బళ్ల కోసం నిబంధనలు ఇచ్చింది. పరీక్ష బట్టీ మీద కాకుండా సామర్థ్యాల మీద ఉండాలని వాటిలో రాశారు. అదే నెల 4న నాస్ స్థానంలో వచ్చిన ‘పరఖ్’ సర్వే మూడు, ఆరు, తొమ్మిది తరగతుల్లో జరిగింది. ఐదు, ఎనిమిది తరగతుల పరీక్షలో తప్పితే పిల్లవాడు ఆగిపోవచ్చు. పరఖ్‌లో ఎంత తగ్గినా పిల్లవాడికీ బడికీ అయ్యేదేమీ లేదు.