జీతం లేని సారథ్యం: నిరాశ్రయుల సంస్థల పాలకమండళ్ళ వెనుక ఉన్న చరిత్ర

ఇల్లు లేనివారి కోసం పనిచేసే స్థానిక సంస్థ అనగానే రాత్రిపూట తలుపులు తెరిచే ఆశ్రయం, వరుసగా పరిచిన పడకలు, అన్నం వడ్డించే కార్యకర్తలు మనకు గుర్తుకొస్తారు. అయితే ఆ ఆశ్రయం వచ్చే చలికాలం కూడా నడుస్తుందా, తాగి వచ్చినవారిని లోపలికి రానివ్వాలా, ఒక మనిషిని ఎన్నాళ్ళు ఉండనివ్వాలి, భవనం మరమ్మతుకు అప్పు చేయాలా, నిర్వాహకుణ్ణి కొనసాగించాలా అన్న విషయాలు తేలేది మరో గదిలో. అక్కడ నెలకోసారో రెండు నెలలకోసారో కూర్చునే కొద్దిమంది పాలకమండలి సభ్యులకు సాధారణంగా జీతం ఉండదు. వారు పగలంతా తమ ఉద్యోగాలు చేసుకుని, సాయంత్రం వచ్చి, జమాఖర్చులు చూసి, తీర్మానాల మీద సంతకాలు పెట్టి వెళతారు. సంస్థ తీసుకునే నిర్ణయాలన్నిటికీ చట్టం దృష్టిలో అంతిమ బాధ్యత వహించేది వారే. సంస్థ ఎవరి కోసం ఉందో వారిలో ఒక్కరైనా ఆ గదిలో ఉన్నారా అన్న ప్రశ్న గత నాలుగు దశాబ్దాలుగా బలపడుతూ వచ్చింది. ఆ ప్రశ్న మూలాలు మాత్రం అంతకంటే చాలా పాతవి.

ఇంగ్లండులో 1601లో ఒకే ఏడాది రెండు చట్టాలు వచ్చాయి. పేదల పోషణ బాధ్యతను ప్రతి పారిష్ (ఒక చర్చి పరిధిలోని స్థానిక ప్రాంతం) మీదా పెట్టి, అందుకోసం స్థానికుల నుంచి పన్ను వసూలు చేయించిన చట్టం ఒకటి. ధర్మకార్యాలకు రాసిచ్చిన ఆస్తులు దారి మళ్ళకుండా చూడటానికి విచారణాధికారులను నియమించే వీలు కల్పించిన చట్టం రెండోది. దాత చనిపోయాక అతని ఆస్తిని చేతుల్లో పెట్టుకున్నవారు దాన్ని సొంతానికి వాడుకోవడం అప్పటికే పెద్ద ఫిర్యాదుగా ఉండేది. ధర్మకర్త మీద నిఘా అవసరమన్న గుర్తింపు ఆ విధంగా ఈ చరిత్ర మొదట్లోనే కనిపిస్తుంది. 1853లో ధర్మసంస్థలను పర్యవేక్షించే ఛారిటీ కమిషన్ శాశ్వత సంస్థగా ఏర్పడే దాకా ఆ నిఘా ఎక్కువగా కాగితం మీదే మిగిలింది.

నేటి పాలకమండళ్ళ స్వభావాన్ని ఈ చట్టాల కన్నా లోతుగా నిర్ణయించినవి రెండు కోర్టు తీర్పులు. ధర్మకర్త తన హోదాను ఉపయోగించి లాభం పొందకూడదని 1726లో కీచ్, శాండ్‌ఫర్డ్‌ల వ్యాజ్యంలోనూ, ధర్మకర్తగా చేసిన శ్రమకు ప్రతిఫలం అడిగే హక్కు సాధారణంగా ఉండదని 1734లో రాబిన్‌సన్, పెట్‌ల వ్యాజ్యంలోనూ ఇంగ్లండు న్యాయస్థానం తేల్చింది. ఇవి కుటుంబ ఆస్తులకూ వీలునామాలకూ సంబంధించిన తగాదాలే అయినా, ఆ సూత్రం ధర్మసంస్థల కార్యవర్గాలన్నిటికీ పాకింది. స్వార్థం లేనివారే పరుల సొమ్ముకు కాపలా ఉండాలన్న ఆలోచనలో గొప్పతనం ఉంది, ఎన్నో సంస్థలను అది నిజంగానే కాపాడింది. కానీ జీతం లేకుండా సమయం ఇవ్వగలిగేది తీరికా ఆస్తీ ఉన్నవారే కాబట్టి, ఎవరూ ప్రత్యేకంగా తలుపు మూయకపోయినా పేదవాడు ఆ గది బయటే ఉండిపోయాడు. నా దృష్టిలో ఈ చరిత్రలోని చిక్కుముడి ఇక్కడే పడింది.

పందొమ్మిదో శతాబ్దం ఆ దూరాన్ని మరింత పెంచింది. ఆరుబయట నిద్రపోవడాన్నే నేరంగా చూసిన దేశదిమ్మరుల చట్టం 1824లో వచ్చింది. 1834 నాటి కొత్త పేదల చట్టం, సహాయం కోరేవారిని వర్క్‌హౌస్‌లకు, అంటే తిండీ నీడా ఇచ్చి పని చేయించుకునే పేదల గృహాలకు, పంపుతూ, అక్కడి బతుకు బయట అతి తక్కువ కూలి దొరికే శ్రామికుడి బతుకు కన్నా హీనంగానే ఉండాలని సూత్రీకరించింది. ఈ వాతావరణంలోనే 1869లో లండన్‌లో ఛారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ పుట్టింది. దాతృత్వ సహాయాన్ని క్రమబద్ధం చేయడంతో పాటు భిక్షాటనను అణచివేయడం కూడా దాని పూర్తి పేరులోనే లక్ష్యంగా ఉండేది. 1877లో బఫెలో నగరంలో మొదలై ఈ నమూనా అమెరికాలోనూ వేగంగా వ్యాపించింది.

ఆ సొసైటీ పనితీరును కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే నేటి ఆశ్రయాల దరఖాస్తు పత్రాల్లో దాని ఛాయలు ఇంకా ఉన్నాయి. సహాయం కోరి వచ్చిన మనిషి వివరాలను ఒక కాగితం మీదికి ఎక్కించేవారు. సందర్శకులు ఆ ఇంటికి వెళ్ళి, పాత యజమానులనూ ఇరుగుపొరుగునూ విచారించి, తమ అభిప్రాయాన్ని జతచేసేవారు. తర్వాత జిల్లా కమిటీ సమావేశమై, ఆ మనిషి సహాయానికి అర్హుడా అనర్హుడా అని నిర్ణయించేది. నిర్ణయించేవారు ఆ పేటలో బతకరు, నిర్ణయానికి లోబడే మనిషికి ఆ కమిటీలో ఓటు ఉండదు. ఒక మనిషికి రెండు చోట్ల సహాయం అందకుండా చూడటం, రికార్డులు పద్ధతిగా ఉంచటం వంటి మంచి అలవాట్లు ఈ కమిటీల నుంచే వచ్చాయి, వృత్తిపరమైన సామాజిక సేవకు అవే పునాది అయ్యాయి కూడా. అయినా పేదరికాన్ని నడవడికలోని లోపంగా చూసిన దృష్టి వాటితో పాటే సంక్రమించింది. ఆశ్రయంలో పడక దక్కాలంటే ముందు మద్యం మానాలి, ముందు ప్రార్థనకు రావాలి, ముందు పని చూసుకోవాలి అని షరతులు పెట్టిన బోర్డులు (పాలకమండళ్ళు) ఆ తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు ఉన్నాయి.

కమిటీ పద్ధతిని పక్కనపెట్టినవారూ లేకపోలేదు. విలియం బూత్ 1865లో ప్రారంభించిన క్రైస్తవ ఉద్యమం సాల్వేషన్ ఆర్మీగా రూపుదాల్చి, 1888లో లండన్ లైమ్‌హౌస్‌లో ఆశ్రయం తెరిచింది. అక్కడ బోర్డు లేదు, సైన్యంలో మాదిరి ఆజ్ఞలుండేవి. ఆస్తి అంతా జనరల్ అని పిలిచే సంస్థ అధిపతి అధీనంలోనే ఉండేది. 1929లో, బూత్ కుమారుడు, అప్పటి జనరల్ బ్రామ్‌వెల్ అనారోగ్యంతో ఉండగా, ఆయనను పదవి నుంచి తప్పించడానికి ఆ సంస్థ ఉన్నతమండలి సమావేశం కావలసివచ్చింది. 1931లో పార్లమెంటు చేసిన చట్టంతో ఆస్తులు ఒక ధర్మకర్తృత్వ కంపెనీకి బదిలీ అయ్యాయి. ఒక్కరి చేతిలో సమస్తం ఉన్నప్పుడు నిర్ణయాలు చకచకా జరుగుతాయి కానీ, ఆ ఒక్కరిని ప్రశ్నించవలసి వచ్చినప్పుడు మార్గమే కనబడదని ఆ సంఘటన చూపింది. 1933లో న్యూయార్క్‌లో డొరొతీ డే, పీటర్ మౌరిన్ ప్రారంభించిన కాథలిక్ వర్కర్ ఉద్యమం మరో దారి పట్టి, ఆతిథ్య గృహాల్లో సేవకులూ అతిథులూ ఒకే కప్పు కింద బతికే పద్ధతిని ఎంచుకుంది. 1949లో ఫ్రాన్స్‌లో అబ్బే పియర్ అనే కాథలిక్ మతగురువు నెలకొల్పిన ఎమ్మావుస్ సంఘాల్లో ఇల్లు లేనివారే పాత సామాను సేకరించి, బాగుచేసి, అమ్మి, సంఘాన్ని నిలబెట్టుకునేవారు. సహాయం పొందేవాడు సహాయం చేయగలవాడు కూడా అన్న నమ్మకం దానికి మూలం.

ఇప్పుడు మనం చూసే స్థానిక సంస్థల తరం ఎక్కువగా 1960ల నుంచి 1980ల మధ్య పుట్టింది. బ్రిటన్‌లో ఇల్లు లేనివారి కోసం పనిచేసే షెల్టర్ అనే సంస్థ 1966లోనూ, క్రైసిస్ అనే సంస్థ 1967లోనూ మొదలయ్యాయి. ఇల్లు లేనివారి విషయంలో స్థానిక ప్రభుత్వాల మీద చట్టబద్ధమైన బాధ్యత పెట్టిన చట్టం 1977లో వచ్చింది. అమెరికాలో 1979లో రాబర్ట్ హేస్ అనే యువ న్యాయవాది న్యూయార్క్ వీధుల్లో పడుకునే పురుషుల తరఫున వేసిన దావా, 1981లో ఇరుపక్షాలూ ఒప్పుకున్న కోర్టు ఉత్తర్వుతో ముగిసి, అడిగినవారికి ఆశ్రయం ఇవ్వవలసిన బాధ్యతను ఆ నగరం మీద ఉంచింది. ఆ దావాలో మొదటి వాదిగా ఉన్న రాబర్ట్ కాలహన్ ఉత్తర్వు వెలువడేనాటికి బతికి లేడు.

చౌక అద్దె గదులు కనుమరుగై, మానసిక వైద్యశాలలు ఖాళీ అయి, గృహనిర్మాణానికి ప్రభుత్వ నిధులు తగ్గిన ఆ కాలంలో, చర్చి నేలమాళిగల్లో చలికాలపు ఆశ్రయాలు వెలిశాయి. ఈ ఒక్క చలికాలం గడిస్తే చాలనుకుని వాటిని తెరిచారు. రాత్రి కాపలా ఉన్నవారు, వంట చేసినవారు, తాళం చెవి దగ్గర పెట్టుకున్నవారే తొలి కార్యవర్గమయ్యారు. తాత్కాలికమనుకున్నది శాశ్వతమయ్యాక నమోదు పత్రాలు, బైలాలు, బీమా, ఆడిట్, ప్రభుత్వ గ్రాంట్ల షరతులు వరసగా వచ్చిపడ్డాయి. దుప్పట్లు పంచడానికి వచ్చిన మనిషి సంస్థ ఆస్తి అప్పుల పట్టిక చదవడం నేర్చుకోవలసి వచ్చింది. 1987లో అమెరికాలో ఇల్లు లేనివారి సహాయానికి చేసిన మెకిన్నీ చట్టం ద్వారా కేంద్ర నిధులు రావడం మొదలవడంతో లెక్కల భారం ఇంకా పెరిగింది. న్యాయవాదులు, బ్యాంకు అధికారులు, అకౌంటెంట్లు బోర్డుల్లోకి ఎక్కువగా రావడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ నైపుణ్యం సంస్థలకు అవసరమే, దాన్ని తక్కువ చేసి చూడటం సరికాదు.

జీతం లేదు కాబట్టి బాధ్యత కూడా తక్కువే అన్న భ్రమను తొలగించిన తీర్పు ఒకటి 1974లో వాషింగ్టన్‌లో వచ్చింది. సిబ్లీ ఆస్పత్రి డైరెక్టర్లు, తమలో కొందరికి సంబంధమున్న బ్యాంకుల్లో ఆస్పత్రి డబ్బును వడ్డీ రాని ఖాతాల్లో ఉంచారు. ఆర్థిక వ్యవహారాలు చూడవలసిన ఉపసంఘం ఏళ్ళ తరబడి సమావేశమే కాలేదు. గౌరవ సభ్యులైనా పర్యవేక్షణ మానేస్తే అది విధుల ఉల్లంఘనేనని న్యాయమూర్తి గెజెల్ తేల్చారు. నిజాయితీతో పనిచేసే స్వచ్ఛంద సభ్యులకు వ్యక్తిగత దావాల భయం ఉండకూడదని 1997లో అమెరికా ఫెడరల్ చట్టం కొంత రక్షణ కల్పించినా, తీవ్ర నిర్లక్ష్యానికి ఆ రక్షణ వర్తించదు.

వ్యవస్థాపకుణ్ణి ప్రశ్నించడం లెక్కలను ప్రశ్నించడం కన్నా కష్టం. ఇల్లు లేని యువతకు ఆశ్రయమిచ్చే కవెనెంట్ హౌస్ సంస్థను 1972లో స్థాపించిన ఫాదర్ బ్రూస్ రిట్టర్, లైంగిక దుష్ప్రవర్తన, ఆర్థిక అవకతవకల ఆరోపణల మధ్య 1990లో రాజీనామా చేశారు. ఆయన వాటిని తిరస్కరించారు. బోర్డు స్వతంత్ర విచారణ జరిపించింది, కానీ ఆరోపణలు బయటికి పొక్కిన తర్వాతే. అబ్బే పియర్ మరణించిన పదిహేడేళ్ళకు, 2024లో, ఆయన మీద వచ్చిన లైంగిక వేధింపుల వాంగ్మూలాలను ఎమ్మావుస్ సంస్థలే స్వయంగా నివేదిక రూపంలో బయటపెట్టాయి. ఆయన పేరు పెట్టుకున్న ఫౌండేషన్ ఆ తర్వాత పేరు మార్చుకుంది. ఆశ్రయం కోసం వచ్చిన మనిషికి ఫిర్యాదు చేసే ధైర్యం సహజంగానే తక్కువ, వెళ్ళగొడితే మళ్ళీ వీధే గతి. అతని మాట నేరుగా చేరే దారి బోర్డుకు లేకపోతే, ఎంత మంచివారు సభ్యులైనా వారికి తెలిసేది నిర్వాహకులు తెలియనిచ్చినంత వరకే.

ఆ దారి ఉండాలని మొదట గట్టిగా అడిగినవారు ఇల్లు లేనివారే. 1980ల మధ్యలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాతీయ నిరాశ్రయుల సంఘం పుట్టింది. దాని నాయకుడు క్రిస్ స్ప్రోవల్ స్వయంగా ఇల్లు కోల్పోయినవాడు. తమ ఆశ్రయాన్ని తామే నడుపుకోగలమని ఆ బృందం చూపించింది. ఆ తరం పోరాటాల నేపథ్యంలోనే, కేంద్ర నిధులు పొందే సంస్థల పాలకమండలిలోగాని, విధానాలు నిర్ణయించే తత్సమాన సంఘంలోగాని ఇల్లు లేని, లేదా ఒకప్పుడు ఇల్లు లేని వ్యక్తి కనీసం ఒక్కరు ఉండాలన్న నిబంధన అమెరికా గృహనిర్మాణ శాఖ నియమాల్లో చేరింది. ఇల్లు లేని యువత కోసం అదే శాఖ 2016లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇంకో అడుగు ముందుకేసి, ఇల్లు లేని అనుభవమున్న యువతతో సలహామండలిని తప్పనిసరి చేసింది.

వారి అనుభవం బోర్డు బల్ల మీద ఏం మార్చగలదో హౌసింగ్ ఫస్ట్ పద్ధతి చర్చల్లో తెలుస్తుంది. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ మొదలుపెట్టిన ఆ పద్ధతిలో షరతుల్లేకుండా ముందు ఇల్లు ఇస్తారు, చికిత్సా ఉద్యోగమూ ఆ తర్వాతి మాట. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్నే జాతీయ విధానంగా చేపట్టి, పాత ఆశ్రయాలను అద్దె ఇళ్ళుగా మార్చింది. దశాబ్దాల పాటు చందాలు పోగుచేసి కట్టిన ఆశ్రయాన్ని మూసి, ఆ డబ్బును విడి ఇళ్ళకు మళ్ళించమంటే ఏ బోర్డుకైనా మనసు ఒప్పుకోవడం కష్టం. గోడ మీద దాతల పేర్లుంటాయి, ప్రారంభించినవారు ఇంకా సభ్యులుగా ఉంటారు. అలాంటి సమావేశంలో, ఆ హాలులో నెలల తరబడి పడుకున్న మనిషి, చెప్పులు తల కింద పెట్టుకోకపోతే తెల్లారేసరికి ఉండవని చెప్పినప్పుడు చర్చ మరో దారి పడుతుంది.

నియమం ఒక్క కుర్చీ వేయించగలదు. సమావేశం పని వేళల్లో పెడితే దినకూలీ మీద బతికే సభ్యుడు రాలేడు. నలభై పేజీల పత్రాలు ముందురోజు రాత్రి ఈమెయిల్‌లో పంపితే, కంప్యూటర్ లేని మనిషి చదవలేడు. నిర్వాహకుడి దయతో నిన్నటిదాకా పడక దక్కించుకున్నవాడు ఈరోజు ఆ నిర్వాహకుడి పనితీరు మీద ఓటు వేయడానికి జంకుతాడు. అందుకే ఇల్లు లేని అనుభవమున్నవారు ఒక్కరే కాక పక్కపక్కన ఇద్దరు కూర్చోవాలనీ, పత్రాలను ముందుగా వివరించే మనిషి ఉండాలనీ, ఆ సంస్థ నుంచి ప్రస్తుతం సహాయం పొందనివారిని కూడా తీసుకోవాలనీ అనుభవజ్ఞులు చెబుతారు.

అన్నిటి కన్నా చిక్కు, ఇల్లు లేని అనుభవంతో వచ్చిన సభ్యుల సమయానికి డబ్బు ఇవ్వడం. సలహామండలి సభ్యులకైతే గంటల లెక్కన భత్యం ఇచ్చే పద్ధతి విస్తరిస్తోంది. ధర్మకర్త హోదాలో ఉన్నవారికి మాత్రం ఇంగ్లండులో నేటికీ ప్రయాణం, పిల్లల సంరక్షణ వంటి ఖర్చులు తిరిగి ఇవ్వవచ్చు గాని, ఆ హోదాలో చేసిన పనికి చెల్లించాలంటే సంస్థ నియమావళిలో అధికారమో, ఛారిటీ కమిషన్ అనుమతో ఉండాలి. ఎవరికీ చెల్లించకపోవడం సమానత్వంగా కనిపిస్తుంది గాని, ఒక సాయంత్రం కూలి వదులుకోవడం అకౌంటెంటుకూ అద్దె గదిలో కొత్తగా చేరిన మనిషికీ ఒకే బరువు కాదు. ఈ తేడాను లెక్కలోకి తీసుకునే బోర్డులు కొన్ని, అనుభవమున్నవారిని ముందు భత్యంతో సలహామండలిలోకి తీసుకుని, నిలదొక్కుకున్నాక ఓటు హక్కుతో పాలకమండలిలోకి పిలుస్తున్నాయి. మరికొన్ని తమ నియమావళిని సవరించే పనిలో ఉన్నాయి.