సీమ మాట, సీమ నవ్వు: పద్మనాభం నుంచి జయప్రకాశ్ రెడ్డి దాకా

రాయలసీమ యాసలో మాట్లాడే పాత్రతో కొత్త సినిమా ట్రైలర్ వచ్చిన ప్రతిసారీ కర్నూలు, కడప, అనంతపురం వైపు ఒకే వాదన మళ్లీ మొదలవుతుంది. మన మాట తెర మీద వినపడిందని సంబరపడేవాళ్లు కొందరు. మళ్లీ మనల్ని నవ్వులపాలు చేశారని మండిపడేవాళ్లు కొందరు. ఒకే ఇంట్లో అన్న ఒక పక్క, తమ్ముడు ఇంకో పక్క ఉండటమూ మామూలే. ఈ గొడవ నిన్న మొన్న పుట్టింది కాదు. సీమలో పుట్టి తెలుగువాళ్లందరినీ నవ్వించిన ఇద్దరు నటులు నడిచిన దారి చూస్తే దీని మూలం దొరుకుతుంది. వాళ్లకంటే ముందు తోలుబొమ్మల గురించి చెప్పుకోవాలి.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపడ్డ ఊరు. అనంతపురం జిల్లాలో ఉండేది, 2022లో జిల్లాలు విడదీశాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. రాత్రంతా సాగే రామాయణం ఆటలో జనం కునికిపాట్లు పడే వేళకు జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి దూకుతారు. మొగుడూ పెళ్లాల తగాదా, మధ్యలో దూరే కేతిగాడు. రాముడు, రావణుడు పద్యాలు చదువుతుంటే వీళ్లు మాత్రం ఊరి రచ్చబండ దగ్గర వినపడే మాటే మాట్లాడతారు. కరువు, అప్పులు, ఊరి పెద్దమనిషి పిసినారితనం అన్నీ అందులోకి వచ్చేస్తాయి. బూతూ ఉంటుంది, దాన్ని దాచాల్సిన పనిలేదు. ముందు కూర్చున్నది ఎవరో చూసుకుని మోతాదు మార్చడం ఆటగాడి నేర్పు. ఈ బొమ్మలాడించే కుటుంబాలు మరాఠీ మూలాలున్నవి. ఇంట్లో ఆ మాటే మాట్లాడుకున్నా, జనాన్ని నవ్వించాలంటే జనం మాటే కావాలని వాళ్లకు బాగా తెలుసు. అక్కడ నవ్వించేవాడు, నవ్వేవాడు ఒకే మాట మీద ఉన్నారు. యాస అనే సంగతే ఎవరికీ తట్టలేదు.

నాటకానికీ ఈ నేల కొత్త కాదు. సురభి నాటక సమాజం 1885లో పుట్టింది కడప జిల్లాలోని సురభి ఊళ్లోనే. అదే జిల్లా సింహాద్రిపురంలో 1931 ఆగస్టు 20న పుట్టారు బసవరాజు వెంకట పద్మనాభరావు, మనందరి పద్మనాభం. కుర్రతనంలోనే మద్రాసు చేరి 1940లలోనే తెర మీద కనపడ్డారు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో మాంత్రికుడి శిష్యుడిగా జనానికి గుర్తుండిపోయారు. తర్వాత నిర్మాత కూడా అయ్యారు. 1965లో ‘దేవత’, 1966లో ‘పొట్టి ప్లీడరు’ తీశారు. 1967 నాటి ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గాయకుడిగా పరిచయమైంది కూడా పద్మనాభం నిర్మాణంలోనే. ఈ ఒక్క పని చాలు, తెలుగువాళ్లు ఆయనకు రుణపడి ఉండటానికి. 2010 ఫిబ్రవరి 20న ఆయన కన్నుమూశారు.

ఇన్ని చేసిన మనిషి పాత్రల్లో సింహాద్రిపురం వినపడటం మాత్రం అరుదు. అది ఆయన లోపం అనడానికి లేదు. అప్పటి సినిమా మాట అలా తయారైంది. వ్యావహారిక భాష కోసం ఉద్యమం నడిచి గెలిచాక, పత్రికల్లోనూ పుస్తకాల్లోనూ నిలబడింది ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాట. మద్రాసులో మాటలు రాసిన రచయితల్లో ఎక్కువమంది అటువాళ్లే. దాంతో అదే అందరి తెలుగు అయింది. సీమ నుంచి వచ్చిన నటుడు నిలదొక్కుకోవాలంటే ఇంటి మాటను ఇంట్లోనే వదిలి రావాలి. పద్మనాభం తన పొట్టి ఆకారంతో, చురుకైన కదలికతో, అమాయకపు ముఖంతో నవ్వించారు. ఆ నవ్వు శ్రీకాకుళంలోనూ కడపలోనూ ఒకేలా పండింది. కడప ప్రేక్షకుడు ఆయన్ని మావాడే అని చెప్పుకున్నాడు, కానీ ఆయన నోట తన మాట వినలేదు.

మరో ముప్పై ఏళ్లకు ఆ మాట గట్టిగా వినపడింది, అదీ విలన్ నోట. తూర్పు జయప్రకాశ్ రెడ్డి 1946లో అప్పటి కర్నూలు జిల్లా ఆళ్లగడ్డ ప్రాంతంలోని సిరివెళ్లలో పుట్టారు. గుంటూరులో లెక్కల మాస్టారుగా పనిచేస్తూ నాటకాలాడారు. 1988లో సినిమాల్లోకి వచ్చినా, ఆయన పేరు మోగింది 1997లో ‘ప్రేమించుకుందాం రా’తో. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆ ముద్రను ఇంకా గట్టిచేసింది.

ఆయనలోని గొప్పతనం ఏమిటంటే, చంపుతానని చెప్పేటప్పుడు కూడా గొంతులో ఇంటి పెద్ద మందలింపు ఉంటుంది. ‘ఏమప్పా, యాడికి పోతాండావు’ అని నెమ్మదిగా అడిగితే అది పలకరింపో బెదిరింపో అర్థం కాదు. ఆ సందిగ్ధం ముందు భయపెట్టింది. అదే తర్వాత నవ్వు తెప్పించింది. 2000 దాటాక ఫ్యాక్షన్ కథలు వరసపెట్టి వచ్చి జనానికి మొహం మొత్తాయి. అదే నాయకుణ్ని కామెడీ సినిమాల్లో పెళ్లింటికి తెచ్చి, హీరో చేతిలో బోల్తాపడే మామగా మార్చారు. రెండు రకాల పాత్రలకూ జయప్రకాశ్ రెడ్డే సరిపోయారు. వేరే నటుడైతే రెండోసారి తేలిపోయేవాడని నా నమ్మకం.

థియేటర్లో మాత్రం ఆ నవ్వు రెండుగా చీలింది. నంద్యాలలో చూసినవాడు ‘మా పెదనాయన ఇట్లనే మాట్లాడతాడు’ అని నవ్వాడు. ఆ విరుపు, ఆ సాగదీత సరిగ్గా పట్టుకున్నందుకు వచ్చిన నవ్వు అది. విజయవాడలో చూసినవాడికి ఆ మాట వింతగా అనిపించి నవ్వొచ్చింది. రెండిట్లో దేనికీ తప్పు పట్టలేం. చిక్కంతా హాలు బయటే మొదలైంది. హైదరాబాద్ హాస్టల్లో చేరిన సీమ పిల్లాడు నోరు విప్పగానే ‘మీ ఇంట్లో బాంబులుంటాయా’ అని అడగడం సరదా అయిపోయింది. అడిగినవాడికి అది జోకే. విన్నవాడు మాత్రం నెల తిరక్కుండా మాట మార్చుకున్నాడు. ఇంటర్వ్యూలంటే యాస బయటపడుతుందేమోనని టెన్షన్ పడ్డ పిల్లలు ఎంతోమంది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నావల్ల కాదు.

దీనికి తోడు అనుకరణలు. ప్రతి వాక్యం చివర ‘అప్పా’ తగిలిస్తే సీమ మాట అయిపోతుందనుకునే రచయితలు ఇప్పటికీ ఉన్నారు. హిందూపురం, మడకశిర వైపు మాటలో కన్నడం కలుస్తుంది. కర్నూలు పాతబస్తీలో ఉర్దూ కలుస్తుంది. పులివెందుల తీరు వేరు. సినిమాలో ఇవన్నీ ఒకటే.

జయప్రకాశ్ రెడ్డి 2020 సెప్టెంబరు 8న గుంటూరులో కన్నుమూశారు. ఇప్పుడు అనంతపురం, కడప పల్లెల కుర్రాళ్లు ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు. వాటిలో సుమోలు లేవు, కొడవళ్లు లేవు. ఎండిన బోరు, శనక్కాయల ధర, చీటీ డబ్బు ఎగ్గొట్టిన బావ, పెళ్లిలో వియ్యంకుల అలక, ఇవీ కథలు. ముందు తమ ఊరివాళ్లు నవ్వాలని తీస్తున్నారు, బయటివాళ్లు తర్వాత వచ్చి చేరుతున్నారు. సినిమా రచయితలు వీటిని శ్రద్ధగా చూడాలి. సీమ మాట మాట్లాడే నర్సు, బ్యాంకు గుమస్తా, బస్సు కండక్టరు తెర మీదికి రావాలి. పేరు తెచ్చిన పాత్రలన్నీ నాయకులవో మామలవో అయ్యాయి గానీ, లెక్కల మాస్టారుగా బతికిన జయప్రకాశ్ రెడ్డికి సీమ మాటలో పాఠం చెప్పే మాస్టారు పాత్ర రాసినవాళ్లు నేను చూసినంతలో లేరు.