‘నెగటివ్ టైమ్’ గొడవ వెనక 1995 నాటి ప్రశ్న

అమరావతి క్వాంటమ్ వ్యాలీ పుణ్యమా అని కాకినాడ నుంచి భీమవరం దాకా ఇంజినీరింగ్ విద్యార్థుల గ్రూపుల్లో ఇప్పుడు క్వాంటమ్ కబుర్లే. ఆ ఊపులో పాత వార్త ఒకటి మళ్లీ తిరుగుతోంది. ఫోటాన్ అనే కాంతి కణం పరమాణువుల మధ్య ‘నెగటివ్ టైమ్’, అంటే సున్నా కంటే తక్కువ సమయం, గడిపిందట, కాబట్టి కాలం వెనక్కి నడిచిందట. ఇందులో రెండో ముక్క తప్పు. మొదటిది మాత్రం కొట్టిపారేయడానికి వీల్లేదు. 2024 సెప్టెంబరులో టొరంటో విశ్వవిద్యాలయం బృందం బయటపెట్టిన ఫలితం అది.

క్వాంటమ్ సిద్ధాంతంలో కాలాన్ని కొలవడం ఎందుకు చిక్కో పాఠాల్లో ఉన్నదే. నా దృష్టిలో అసలు మలుపు 1995. ఆ ఏడాది, ఇప్పటి టొరంటో బృందానికి పెద్ద అయిన భౌతికశాస్త్రవేత్త ఏఫ్రయీమ్ స్టైన్‌బర్గ్ ఒక ప్రశ్న వేశాడు: చాలినంత శక్తి లేకపోయినా అడ్డుగోడను దాటి అవతలికి వచ్చిన కణాలు మాత్రమే ఆ గోడలో ఎంతసేపు ఉన్నాయి? అప్పటిదాకా ఉన్న లెక్కల్లో కొన్ని దాటినవాటినీ వెనక్కి తిరిగినవాటినీ కలిపేసి సగటు తీసేవి, మరికొన్ని కణాన్ని అలగా తీసుకుని దాని శిఖరం ఎప్పుడు బయటికొచ్చిందో చూసేవి.

ఆయనకు దొరికిన పనిముట్టు వీక్ మెజర్‌మెంట్. 1988లో అహరొనోవ్, ఆల్బర్ట్, వైద్మన్ ప్రతిపాదించారు. కణాన్ని దాదాపు కదపనంత మెత్తగా తాకాలి, చివర్లో మనకు కావలసిన చోటికి చేరినవాటినే ఏరి సగటు కట్టాలి. సగానికి మించని స్పిన్‌కు (కణానికి సహజంగా ఉండే తిరుగుడు లాంటి గుణం) ఇలా 100 కూడా రావచ్చని వాళ్లు వ్యాసం పేరులోనే చెప్పారు. లెగెట్, పెరెస్ అనే భౌతికశాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 1989లో మన భౌతికశాస్త్రవేత్త ఇ.సి.జి. సుదర్శన్ ఇద్దరు సహచరులతో కలిసి లెక్కలోని లోపాలు సరిదిద్ది, ఫలితం నిలుస్తుందని చూపించాడు.

స్టైన్‌బర్గ్ ప్రశ్నకు ప్రయోగం 2020లో కుదిరింది. బాగా చల్లబరిచిన రుబీడియం పరమాణువులను 1.3 మైక్రాన్ల లేజర్ గోడ మీదికి వదిలారు. లోపల ఉన్నంతసేపూ స్పిన్ గడియారం ముల్లులా కొంచెం కొంచెం తిరుగుతుంది. దాటినవాటి ముల్లు చూస్తే 0.61 మిల్లీసెకన్లు.

ఇక నెగటివ్ టైమ్. భౌతికశాస్త్రవేత్త సబీనా హోసెన్‌ఫెల్డర్ లాంటి విమర్శకుల మాట: ఇది కాంతి మాధ్యమంలో ప్రయాణించే తీరుకు సంబంధించింది, కాలగమనానికి కాదు. ఈ మాటలో బలముంది. భద్రాచలం నుంచి వచ్చే వరదలో వెనక భాగం దారిలో గండిపడి పోయిందనుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం అనుకున్నదానికంటే ముందే పతాకస్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది. నీళ్లేమీ తొందరగా రాలేదు, వరద ఆకారం మారిందంతే. కాంతి శిఖరం ముందుగా బయటపడటం 1982లోనే కొలిచారు కూడా.

కానీ టొరంటోవాళ్లు శిఖరాన్ని చూసి ఊరుకోలేదు. పరమాణువులనే అడిగారు. ఫోటాన్‌ను మింగిన పరమాణువు, అదే పరమాణువుల మబ్బులోంచి పోయే ఇంకో లేత కిరణం ఫేజ్‌ను, అంటే దాని అలల వరసను, రవ్వంత జరుపుతుంది. ఒక్కసారి చూస్తే ఆ జరుగుడు రొదలో కలిసిపోతుంది, లెక్కలేనన్నిసార్లు చేసి సగటు తీస్తేనే పైకి తేలుతుంది. చెదిరిపోకుండా దాటిన ఫోటాన్లకు ఆ సగటు, ఏరకుండా అన్ని ఫోటాన్లకూ పరమాణువులు ఉత్తేజితంగా ఉండే సగటు కాలంతో పోల్చితే, సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీ ఉన్న కాంతి పల్స్‌కు -0.82 వంతు, వెడల్పాటి పట్టీకి 0.54 వంతు. పొరపాటు హద్దు 0.3 దాకా ఉంది, చిన్నదేం కాదు. అయినా శిఖరం ఆలస్యానికి సిద్ధాంతం ఇచ్చే అంకె, పరమాణువుల దగ్గర వీక్ మెజర్‌మెంట్ ఇచ్చే అంకె ఒకటేనని సిద్ధాంతవేత్త హోవర్డ్ వైజ్‌మన్ బృందం ముందే లెక్కగట్టింది. ప్రయోగం దానికి సరిపోయింది.

సమాచారం కాంతి కంటే ముందు చేరిందని ఈ బృందం ఎక్కడా అనలేదు. టైమ్ మెషీన్ మాట వీడియోలవాళ్లది. శిఖరం జరగడం ఒట్టి ఆకారం మార్పే అయితే, శిఖరాన్ని చూడనే చూడని రెండో కిరణం అదే మైనస్ ఎందుకు చూపిందో విమర్శకులు చెప్పాలి.