బండరాళ్ల మధ్య సుత్తి

రాళ్లను ఫోటో తీసేటప్పుడు భూగర్భ శాస్త్రవేత్తలు పక్కన సుత్తో నాణెమో పెడతారు. లేకపోతే అది కొండో, కొండమీది బండో, గులకరాయో చెప్పలేం. మూడూ ఒకేలా గరుకుగా ఉంటాయి మరి. సుత్తిని మాత్రం చూడగానే గుర్తుపడతాం. కంప్యూటర్‌కి ఆ సుఖం లేదు. దానికి ఫోటో అంటే అంకెల పట్టిక, ఒక్కో చుక్క వెలుగుకు ఒక్కో అంకె. అందులో సుత్తి అంకెలేవి, రాతి అంకెలేవి?

మనిషి చేసినవాటికి అంచులు తిన్నగా ఉంటాయి కాబట్టి, మొదట తట్టేది తిన్నని గీతల్ని వెతకడం. ఇందుకు వాడే ఒక పద్ధతికి పాల్ హఫ్ 1962లో పేటెంట్ పొందాడు. ఆయన వెతికింది ఇళ్లనీ రోడ్లనీ కాదు, భౌతికశాస్త్ర ప్రయోగాల ఫోటోల్లో కణాలు వదిలిన జాడల్ని. ఇదో ఎన్నిక అనుకోండి. ఫోటోలో వెలుగు చటుక్కున మారిన ప్రతి చుక్కా, తన మీదుగా పోగల గీతలన్నిటికీ తలో ఓటు వేస్తుంది. ఎక్కువ ఓట్లు పడ్డ గీత అక్కడ ఉన్నట్టే. మధ్యలో చెట్టు అడ్డొచ్చినా గోడ గెలిచేస్తుంది. దొంగ ఓట్ల బెడద ఇక్కడా ఉంది: గడ్డీ ఆకులూ నిండిన ఫోటోలో, సంబంధం లేని చుక్కలు కొన్ని ఒకే వరసలో పడి లేని గీతను గెలిపిస్తాయి. పైగా రాతి పగుళ్లు కూడా తిన్నగా ఉండొచ్చు. గోదావరి డెల్టాలో పొలంగట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. గట్టు మనిషి వేసిందే, దానిమీది గడ్డి కాదు. దాన్ని ఏ లెక్కలో వెయ్యాలి?

నాకు ఇంతకంటే నచ్చేది గరుకుతనాన్ని కొలిచే దారి. గణితవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్ చెప్పిన ఫ్రాక్టల్ (దూరం నుంచి చూసినా దగ్గర నుంచి చూసినా ఒకేలా గరుకుగా ఉండే ఆకారాల) లెక్కల్ని అలెక్స్ పెంట్‌లాండ్ 1984లో ఫోటోలకు వాడి చూపించాడు. ఒకే చోటును దూరందూరంగా ఉన్న చుక్కలతో ఓసారి, దగ్గరగా ఉన్నవాటితో ఓసారి కొలుస్తారు. కొండా, మబ్బూ అయితే గరుకు ఒకే సూత్రం ప్రకారం తగ్గుతూ పోతుంది. డాబా అలా కాదు. దూరం నుంచి మూలలూ అంచులూ, దగ్గరికెళ్తే నున్నటి సిమెంటు. సూత్రం ఎక్కడ తప్పిందో అక్కడ మనిషి చెయ్యి ఉందేమోనని అనుమానించాలి.

అయితే కొలవడానికి సరిపడా చుక్కలుండాలి. 2019 సెప్టెంబరులో చంద్రుడి మీద కూలిన విక్రమ్ ల్యాండర్ శకలాలు నాసా ఫోటోల్లో ఒకటి రెండు చుక్కలే. చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్ పాత ఫోటోలనూ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి, తన కళ్లతోనే వెతికాడు. ముందు లేని తెల్లచుక్క ఒకటి కనిపించింది. డిసెంబరులో నాసా అవునంది. ల్యాండర్ గుద్దుకున్న చోటికి సుమారు 750 మీటర్ల దూరంలో ఉందది.