ఎండిన కొమ్మ కన్నా విలువైన చీటీ

పాతకాలపు ఎండు మొక్కల అట్టలకు ఈమధ్య గిరాకీ పెరిగింది. కాలేజీ ల్యాబులు ఖాళీ చేసినప్పుడు పాత కాగితాల కొట్టుకు చేరినవీ, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికేవీ కొని ఫ్రేమ్ కట్టించుకునేవాళ్లున్నారు. మంచి సరదానే. కానీ అందం చెడుతోందని చాలామంది ముందుగా కత్తిరించి పారేసేది షీటు కింది మూలన అంటించిన చీటీని. ఆ కత్తెర పడ్డాక మిగిలేది ఒట్టి ఎండుటాకు.

తంగేడునే తీసుకోండి. పూలతో, కాయతో ఉన్న కొమ్మను పాత పేపర్ల మధ్య పెట్టి, బరువు వేసి, రోజూ పేపర్లు మారుస్తూ ఆరబెట్టి అట్టకు కుట్టారనుకుందాం. కొమ్మను చూస్తే అది తంగేడని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. ఎక్కడ, ఏ తేదీన, ఎవరు కోశారు, బండల మధ్య పెరిగిందా చెరువు గట్టునా, పొద ఎంత ఎత్తు, పూల రంగేమిటి అన్నవన్నీ చెప్పేది లేబులే. పూల రంగు పనిగట్టుకుని రాయడానికి కారణం ఉంది. ఎండాక రంగు నిలుస్తుందన్న నమ్మకం లేదు.

పాత లేబుల్ మీద తంగేడు పేరు కాసియా ఆరిక్యులేటా అని ఉంటుంది. 1982లో కాసియా ప్రజాతిని విడగొట్టాక అది సెన్నా ఆరిక్యులేటా అయింది. ఇలాంటి షీట్లను భద్రపరిచే హెర్బేరియంలో పాత పేరు కొట్టేయరు. కొత్త పేరు, సరిచూసినవారి పేరు, సంవత్సరం రాసిన చిన్న చీటీ పక్కన అంటిస్తారు. మూడు నాలుగు చీటీలున్న షీటు దొరికితే వదలకండి. ఒకే కొమ్మ మీద తరాల తరబడి సాగిన వాదన అది.

తేదీ, చోటు ఉంటే ఎండు మొక్క సాక్ష్యమవుతుంది. నగరంలో ఖాళీ జాగా కనిపిస్తే చాలు మొలిచే వయ్యారిభామ మన దేశంలో 1955 ప్రాంతంలో పుణెలో బయటపడిందని సాధారణంగా చెబుతారు. ఆ కథ మారడానికి అంతకుముందు తేదీ ఉన్న ఒక్క షీటు చాలు. మరో ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. ఇంగ్లండ్‌లో వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త 200 ఏళ్ల కాలంలో సేకరించిన చెట్ల ఆకులను మైక్రోస్కోప్ కింద పెట్టి పత్రరంధ్రాలు లెక్కపెట్టి 1987లో ఫలితాలు ప్రకటించాడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినకొద్దీ ఆకుల మీద రంధ్రాలు సుమారు 40 శాతం తగ్గాయి. గాలి సులువుగా దొరుకుతుంటే అన్ని కిటికీలెందుకని చెట్టు అనుకున్నట్టే! ఆ ఆకులు దాచినవాళ్లలో చాలామందికి వాతావరణ మార్పు అన్న ఆలోచనే ఉండి ఉండదు.

మొక్కల్ని ఇలా కాగితం మీద భద్రపరిచే పద్ధతిని 1540ల ప్రాంతంలో ఇటలీలో లూకా గీనీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ప్రచారంలోకి తెచ్చాడంటారు. తెలుగు నేలకూ ఇందులో పాత వాటా ఉంది. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో కాకినాడ దగ్గరే చనిపోయాడు. స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కల్ని సేకరించాడు. వాటిలో చాలావరకు ఐరోపాకు వెళ్లిపోయాయి. మన దగ్గర అతి పెద్ద భాండాగారం హౌరాలో ఉంది, సుమారు 20 లక్షల షీట్లతో. హైదరాబాద్‌లో అత్తాపూర్‌లోని బొటానికల్ సర్వే దక్కన్ కేంద్రం, ఉస్మానియా వృక్షశాస్త్ర విభాగం ఈ పని చేస్తున్నాయి.

ఆకు గోధుమరంగుకు తిరగడం పాడైనట్టు కాదు. ఆకుపచ్చనిచ్చే క్లోరోఫిల్ అణువు మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. కణం చచ్చాక లోపలి ఆమ్లాలు ఆ మెగ్నీషియాన్ని తప్పించేస్తాయి. దాంతో పచ్చదనం పోయి మట్టిరంగు వస్తుంది. త్వరగా ఆరిస్తే ఈ మార్పు నెమ్మదిస్తుంది. గునుగు పువ్వు పచ్చిగా ఉన్నప్పుడే కాగితంలా ఉంటుంది కాబట్టి ఎండినా పెద్దగా మారదు.

ఇక అసలు టెన్షన్ పెట్టే సంగతి పాదరసం. పురుగు పట్టకుండా పాత షీట్లను మెర్క్యూరిక్ క్లోరైడ్ అనే పాదరస లవణం కలిపిన ఆల్కహాల్‌లో ముంచేవారు, మన దేశంలో కూడా. ఆ పాదరసం దశాబ్దాల తర్వాతా ఆవిరిగా వస్తూనే ఉంటుంది. అట్ట మీద మొక్క చుట్టూ బూడిద, నలుపు మరకలుంటే అనుమానించాలి. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, గాలి ఆడని గదిలో విప్పొద్దు, పడగ్గదిలో అసలు పెట్టొద్దు.

విషం పూయని షీట్లకు వేరే శత్రువులు. ఆగస్టులో మన గాలిలో తేమ పెరిగితే బూజు పడుతుంది. సిగరెట్ బీటిల్ అనే చిన్న పెంకుపురుగు ఆకుని జల్లెడ చేసేస్తుంది. కలరా ఉండలతో దాన్ని పూర్తిగా ఆపలేం. షీటును పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా మూసి డీప్ ఫ్రీజర్లో వారం పైన ఉంచడం మేలు. తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పకూడదు, చెమ్మ పట్టేస్తుంది. పాదరసం అనుమానమున్న షీటును మాత్రం కూరగాయలుండే ఫ్రీజర్లో పెట్టకండి.

గోడకు తగిలించాలంటే నేను స్కాన్ తీసి ప్రింట్ పెట్టుకోమంటాను, అసలుది చీకట్లో ఉండనివ్వండి. కాదు, అసలుదే కావాలంటే ఆకుకూ గాజుకూ మధ్య ఖాళీ ఉండేలా ఫ్రేమ్ కట్టించండి. ఎండ తగలని గోడ చూడండి. సెల్లోటేప్ వాడొద్దు, లామినేషన్ మాట ఎత్తొద్దు. ఎక్కడ కొన్నారో వేరే చీటీ మీద పెన్సిల్‌తో రాసి జత చేయండి. లేబుల్ లేని షీటైతే, పాదరసం జాగ్రత్త ఒక్కటి తప్ప, ఇన్ని నియమాలు అక్కర్లేదు. నచ్చితే హాల్లోనే పెట్టుకోండి.